అలుగు చూశాకే సంతకం

సివిల్‌లో ఎంఎస్ చేసి అమెరికాలో ఏ రాష్ట్ర డ్యామ్ సేఫ్టీ ఆఫీసులోనో, కన్సల్టింగ్ కంపెనీలోనో చేరిన మన పిల్లల చేతికి మొదట వచ్చేది పెద్ద ప్రాజెక్టేమీ కాదు. ఏ రైతుదో, ఏ కాలనీ సంఘానిదో, ఎప్పుడో మూతపడ్డ మిల్లుదో అయిన పాత మట్టికట్ట. ముప్పై, నలభై అడుగుల ఎత్తు, పైన గడ్డి, వెనక చేపలు పట్టుకునే చెరువు. ఆ దేశపు జాతీయ జాబితాలోని 90 వేలకు పైగా డ్యాముల్లో సగానికి మించి ప్రైవేటువే. మొత్తం మీద అత్యధికం మట్టికట్టలే. కాబట్టి ఇది చిన్న పని అనుకోకండి.

చెరువున్న ఊళ్లో పెరిగినవాళ్లకు కట్ట, తూము, అలుగు (తెలంగాణలో మత్తడి) ఏమిటో ఎవరూ నేర్పక్కర్లేదు. అక్కడా చూడాల్సినవి అవే. తేడా అంతా యాజమాన్యంలో ఉంది. కట్ట ఒకరిది, మరమ్మతు ఖర్చు వాళ్లది, తెగితే కొట్టుకుపోయేవి మాత్రం దిగువనున్నవాళ్ల ఇళ్లు. ఆ దిగువవాళ్ల తరఫున కట్టెక్కి చూసే మనిషి మీరు.

హవాయిలోని కవాయి దీవిలో కా లోకో జలాశయానికి 1890లో చెరకు తోటల కోసం కట్టిన మట్టికట్ట ఉండేది. వారాల తరబడి వానలు కురిశాక, 2006 మార్చి 14న తెల్లవారకముందే అది తెగింది. దాదాపు 150 కోట్ల లీటర్ల నీళ్లు ఒక్కసారిగా కిందికి దూకాయి. ఏడుగురు చనిపోయారు, వాళ్లలో ఒకామె గర్భిణి. అలుగు మట్టితో మూసుకుపోయిందనీ, రాష్ట్ర అధికారులు ఆ కట్టను ఒక్కసారి కూడా తనిఖీ చేయలేదనీ స్వతంత్ర దర్యాప్తు చెప్పింది. ప్రభుత్వ రికార్డులో ఆ కట్ట 'లో హజార్డ్'. 2007లో హవాయి కొత్త చట్టం తెచ్చింది, 2014లో యజమానికి ఏడు నెలల జైలు శిక్ష పడింది. ఆ ఏడుగురి ఇళ్లకు ఇవన్నీ ఆలస్యంగా వచ్చినవే.

ఇక్కడ కొత్తగా చేరినవాళ్లు పొరబడే సంగతి ఒకటుంది. లో, సిగ్నిఫికెంట్, హై అనే తరగతులు కట్ట ఆరోగ్యాన్ని చెప్పవు. తెగితే ఎవరికి, ఎంత నష్టమో చెబుతాయి. ముప్పై ఏళ్ల కింద పచ్చిక బీడుగా ఉన్న దిగువలో ఇవాళ ఇళ్లూ బడీ ఉండొచ్చు, ఫైల్లో మాత్రం పాత తరగతే ఉంటుంది. బయల్దేరే ముందు ఉపగ్రహ చిత్రం చూడండి. వెళ్లాక వాగు వెంట కాస్త కిందికి నడవండి. కొత్త ఇల్లు ఒక్కటి కనబడినా తరగతి మార్చమని రాయండి.

కట్ట దగ్గర ముందు అలుగు చూడాలి. ఎక్కువ మంది కట్ట మీద నడిచి, ఫొటోలు తీసుకుని, చివర్లో అలుగు వైపు ఓ చూపు చూసి వచ్చేస్తారు. అది తప్పు. చేపలు పోకుండా యజమాని జాలీ కట్టి ఉండొచ్చు, చెరువు ఇంకాస్త నిండుగా కనబడాలని పలకలు బిగించి ఉండొచ్చు, ట్రాక్టరు దారి కోసం మట్టి పోసి ఉండొచ్చు. మామూలు రోజుల్లో ఎవరికీ అడ్డురాని ఈ పనులే పెద్ద వానకు నీటిని కట్ట మీదుగా పంపిస్తాయి. కట్ట ఎక్కడైనా కుంగిందేమో లెవెల్ పెట్టి కొలవండి, కంటిని నమ్మకండి.

తర్వాత కట్ట అడుగు. మట్టికట్టకు ఊట సహజం. తేటగా, ఎప్పుడూ ఒకే తీరుగా వస్తుంటే బకెట్టూ వాచీ పెట్టి కొలిచి, ఆ రోజు చెరువు మట్టంతో కలిపి రాసుకోండి. మట్టం తెలియని ఊట లెక్క ఎందుకూ పనికిరాదు. నీళ్లు మురికిగా వస్తున్నాయంటే కట్ట లోపలి మట్టి బయటికి పోతోంది, బుంగ పడుతోంది. దాన్ని బంకమట్టితో మూయొద్దు, నీరు మరో దారి వెతుక్కుంటుంది. మట్టిని ఆపి నీటిని వదిలేలా ఇసుక, కంకర ఫిల్టరుగా వేయాలి. మురికి ఊట పెరుగుతుంటే ముందు 911కు, ఆ తర్వాత మీ ఆఫీసుకు ఫోన్ చేయండి. ఈ వరుస మార్చకండి.

ఫొటో తీస్తే తేదీ, దిక్కు, పక్కన కొలత టేపు ఉండాలి. ఏటా అదే చోటి నుంచి తీయాలి. జార్జియాలోని టొకోవా దగ్గర ఒక బైబిల్ కాలేజీకి చెందిన కెల్లీ బార్న్స్ డ్యామ్ 1977 నవంబర్ 6న అర్ధరాత్రి దాటాక తెగి 39 మంది చనిపోయారు. ఆ కట్ట దిగువ వాలు జారినట్టు 1973 నాటి ఫొటో ఒకటి ఉంది. ఆ ఫొటో చూసి చర్య తీసుకోవాల్సిన బాధ్యత మాత్రం చట్టప్రకారం అప్పుడు ఎవరి మీదా లేదు. జార్జియాలో డ్యాముల చట్టం 1978లో వచ్చింది. ఇవాళ ఆ బాధ్యత మీ మీద ఉంది.

యజమానితో మాట్లాడేటప్పుడు చట్టం సెక్షన్లతో మొదలుపెట్టకండి. చాలాసార్లు ఎదురుగా ఉండేది తాతల ఆస్తితో పాటు కట్ట కూడా మీద పడ్డ మనిషి. మరమ్మతు ఖర్చు భూమి ధరను మించుతుందని భయపడుతుంటారు. ఆయన్నో ఆమెనో అలుగు దాకా వెంటబెట్టుకెళ్లి చూపించండి. జాలీ తీయడం, గడ్డి కోయడం, తూము తలుపు తిప్పి చూడటం లాంటి తక్కువ ఖర్చు పనులు ముందు చెప్పండి. చెట్లు నరికి వేళ్లు వదిలేయొద్దని ప్రత్యేకంగా చెప్పండి. కుళ్లిన వేళ్ల సందుల్లోంచే నీరు దారి చేసుకుంటుంది. వేళ్లు తవ్వి తీసే పని ఇంజినీరు చూస్తుండగా జరగాలి.

తనిఖీ చేసి వచ్చిన వారంలోపు యజమానికి ఉత్తరం వెళ్లాలి. అందులో "గమనిస్తూ ఉండాలి" అని రాసి వదిలేయకండి. ఆ మాట ఎవరినీ కదిలించదు. ఎవరు గమనించాలి, ఎన్నాళ్లకోసారి, ఏం మారితే ఎవరికి ఫోన్ చేయాలి అన్నది రాయండి. ప్రతి పనికీ తేదీ పెట్టండి. యజమాని లోపలికి రానివ్వకపోతే ఆ సంగతి కూడా అదే రోజు రాతపూర్వకంగా పై అధికారికి చేరాలి. గేటు మూసి ఉందని ఫైలు మూయకూడదు.

మన దేశంలో 2021 నాటి డ్యామ్ సేఫ్టీ చట్టం 15 మీటర్లు దాటిన డ్యాములకూ, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల వాటికీ వర్తిస్తుంది. అంతకంటే చిన్న కట్టల దగ్గర పనిచేసే మన ఇంజినీర్లు, లస్కర్లు కూడా పై జాగ్రత్తలన్నీ పాటించవచ్చు, చట్టం అడగకపోయినా.

మళ్లీ అమెరికా సంగతికొస్తే, ఉత్తరంలో పెట్టిన గడువు దాటినా యజమాని పని చేయించకపోతే, చెరువు మట్టం తగ్గించమని ఆదేశం ఇవ్వాలని మీ అధికారిని రాతపూర్వకంగా అడగండి. ఆ అధికారం చాలా రాష్ట్రాల చట్టాల్లో ఉంది. నీటిని నెమ్మదిగా, ఇంజినీరు చెప్పిన వేగంతోనే దించాలి. ఒక్కసారిగా దించితే లోపలి వాలు జారుతుంది. వానాకాలం ముంచుకొస్తుంటే మాత్రం ఆ ఉత్తరం రేపటికి వాయిదా వేయకండి.