పాలపిట్టను ఎక్కడ చూడాలి?

దసరా సెలవులు దగ్గర పడ్డాయి. ఇళ్ళకు వెళ్ళే ముందు ఒక మాట చెప్పాలని ఇది రాస్తున్నాను.

పోయిన దసరాకు మా నాయనమ్మతో బెజవాడ వెళ్ళాను. కాలువ గట్టు మీద ఒకతను పంజరంలో పాలపిట్టను పెట్టుకుని కూర్చున్నాడు. చూస్తే పది రూపాయలు. నాయనమ్మ డబ్బులిచ్చింది. ఇద్దరం దణ్ణం పెట్టుకున్నాం. దాని రెక్కలు దారంతో కట్టేసి ఉన్నాయి. ఆ సంగతి నేను తర్వాత గానీ ఆలోచించలేదు.

నమ్మకం: అజ్ఞాతవాసం ముగించి వస్తున్న పాండవులకు పాలపిట్ట కనిపించిందని, ఆ తర్వాత వారికి అన్నీ విజయాలేనని పెద్దలు చెబుతారు. అందుకే విజయదశమి నాడు దీన్ని చూడాలంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఇదే రాష్ట్ర పక్షి. 2018లో మన రాష్ట్రం రామచిలుకను ఎంచుకుంది. తెలంగాణకు మాత్రం పాలపిట్టే.

రంగు: కూర్చున్నప్పుడు మామూలు గోధుమరంగు పిట్టలాగే ఉంటుంది. ఎగిరిందంటే రెక్కల్లో నీలం ధగధగలాడుతుంది. నిజానికి ఆ ఈకలో నీలం రంగు పదార్థమే లేదు! ఈక లోపల కంటికి కనిపించనంత సన్నని గాలి గదులు ఉంటాయి. వాటి మీద పడిన వెలుతురులో నీలం మన కంటికి తిరిగి వస్తుంది. ఈకను మెత్తగా నూరితే నీలం పోతుంది.

వంశం: డైనోసార్ అనగానే హైదరాబాదు బిర్లా మ్యూజియంలో ఉన్న కోటసారస్ లాంటి పెద్ద జంతువే గుర్తొస్తుంది. దాని ఎముకలు గోదావరి లోయలో దొరికినవే. కానీ డైనోసార్లన్నీ అంత పెద్దవి కావు. రెండు కాళ్ళ మీద పరుగెత్తే చిన్న మాంసాహార డైనోసార్ల నుంచి పక్షులు వచ్చాయి. జర్మనీలోని మెసెల్ అనే చోట సుమారు 4 కోట్ల 70 లక్షల ఏళ్ళ నాటి రాళ్ళలో పాలపిట్టకు బంధువైన ఇయోకొరాసియాస్ అనే పక్షి ఈకలతో సహా దొరికింది. దాని ఈకలు కూడా నీలంగా ఉండి ఉండవచ్చని 2019లో శాస్త్రజ్ఞులు తెలిపారు.

మేలు: మిడతల్ని, పురుగుల్ని తిని రైతుకు సాయం చేస్తుంది. చెట్టు తొర్రల్లో, ఎండిన తాటిమోడుల్లో గుడ్లు పెడుతుంది. తాటిమోడు కొట్టేస్తే దాని ఇల్లు పోయినట్టే.

ఇదంతా తెలిశాక నాకు బాధేసింది. కోట్ల ఏళ్ళ నుంచి వస్తున్న ఆ నీలం రెక్క విప్పితేనే కనిపిస్తుంది. రెక్కలు కట్టేస్తే మేం చూసిందేమిటి? పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని పట్టడం, పంజరంలో పెట్టడం నేరం.

ఈ మాట నాయనమ్మతో చెప్పాను. "అయితే ఈసారి చేలోకే పోదాం లేరా" అంది. మీరు కూడా మీ వాళ్ళతో చెప్పండి. కరెంటు తీగల మీద, చేల గట్ల మీద వెతకండి. డబ్బులక్కర్లేదు. కాస్త ఓపిక ఉంటే చాలు.

- 9వ తరగతి విద్యార్థి