రాతి లోపలికి చూసే మ్యూయాన్లు: విద్యార్థులకు మూడు దారులు

గీజా మహా పిరమిడ్‌లో ఒక్క రాయి కూడా కదపకుండా, లోపల కనీసం 30 మీటర్ల పొడవైన ఖాళీ ఉందని 2017లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ గుట్టు విప్పినవి ఆకాశం నుంచి రాలే మ్యూయాన్లు అనే సూక్ష్మ కణాలు. నవాబుపేట, వికారాబాద్, తాండూరు విద్యార్థులు ఇది తమకు అందని రంగం అనుకోనక్కర్లేదు. ఇందులో పరిశోధకులు ఎంత అవసరమో, పరికరాలు కట్టే చేతులూ అంతే అవసరం.

ఎలా పనిచేస్తుంది?

కాస్మిక్ కిరణాలు పై వాతావరణాన్ని ఢీకొన్నప్పుడు మ్యూయాన్లు పుడతాయి. ఇవి ఎలక్ట్రాన్ కన్నా సుమారు 207 రెట్లు బరువు. నేల మీద చదరపు సెంటీమీటరుకు నిమిషానికి దాదాపు ఒకటి చొప్పున పడుతుంటాయి. శక్తి ఎక్కువగా ఉన్నవి వందల మీటర్ల రాతిని దాటేస్తాయి. రాతి మందం, సాంద్రత పెరిగేకొద్దీ దాటేవి తగ్గుతాయి. డిటెక్టర్‌ను కిందో పక్కనో పెట్టి, ఏ దిక్కు నుంచి ఎన్ని వచ్చాయో వారాల తరబడి లెక్కిస్తారు. అంచనా కన్నా ఎక్కువ వచ్చిన వైపు లోపల ఖాళీ ఉన్నట్టు.

పునాది మన పక్కనే

ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు దగ్గరున్న కోలార్ బంగారు గనుల్లో, లోతుకు వెళ్లేకొద్దీ మ్యూయాన్లు ఎంత తగ్గుతాయో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ (టీఐఎఫ్ఆర్) శాస్త్రవేత్తలు 1950లలోనే కొలిచారు. అక్కడ లోతు తెలుసు, మ్యూయాన్లను లెక్కించారు. మ్యూయాన్లతో లోపలి చిత్రం గీసే మ్యూయాన్ ఇమేజింగ్‌లో అదే లెక్కను తిరగేసి, మ్యూయాన్లను బట్టి రాతిని అంచనా కడతారు. మ్యూయాన్ల కొలతలు రాతికే పరిమితం కాదు: ఊటీలోని కాస్మిక్ కిరణాల ప్రయోగం గ్రేప్స్-3 బృందం 560 చదరపు మీటర్ల మ్యూయాన్ టెలిస్కోప్‌తో, ఒక ఉరుముల మేఘంలో సుమారు 130 కోట్ల వోల్టుల పొటెన్షియల్ ఉన్నట్టు 2019లో వెల్లడించింది.

మీరు ఎటు?

*పరిశోధన:* ఇంటర్ తర్వాత సైన్స్ విద్యాసంస్థలైన ఐసర్‌లకు ఐఏటీ, నైసర్‌కు నెస్ట్ ప్రవేశ పరీక్షలు రాయాలి. దోస్త్ ద్వారా బీఎస్సీ ఫిజిక్స్‌లో చేరినవారు ఎమ్మెస్సీకి సీపీగెట్, సీయూఈటీ పీజీ, జామ్ రాయొచ్చు. పీహెచ్‌డీకి జెస్ట్, సీఎస్ఐఆర్ నెట్, టీఐఎఫ్ఆర్ ప్రవేశ పరీక్షలున్నాయి. వికారాబాద్ వైపు నుంచి రైల్లో వచ్చి లింగంపల్లిలో దిగితే, ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ ఉన్న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ) దగ్గరే.

*ఎలక్ట్రానిక్స్:* పదో తరగతి తర్వాత పాలిసెట్‌తో ఈసీఈ డిప్లొమా, లేదా ఇంటర్ తర్వాత బీటెక్ చేయొచ్చు. నానోసెకన్లలో వచ్చిపోయే సంకేతాలను పట్టే సర్క్యూట్లు ఈ రంగానికి ప్రాణం. భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) స్టైపెండియరీ ట్రైనీ పోస్టుల్లో డిప్లొమా, బీఎస్సీ వారికి ఒక కేటగిరీ, ఐటీఐ, ఇంటర్ వారికి మరొకటి ఉంటాయి.

*డేటా:* పైథాన్, సీ++ నేర్చుకుని, కణాల ప్రయాణాన్ని అనుకరించే జియాంట్4, డేటాను విశ్లేషించే రూట్ సాఫ్ట్‌వేర్‌లపై పట్టు సాధించండి. ఈ రెండూ ఉచితమే.

ఉద్యోగాల మాట

'మ్యూయాన్ ఇమేజింగ్' పేరుతో నోటిఫికేషన్లు వస్తాయని ఎదురుచూడొద్దు. పోస్టులు తక్కువ, పీహెచ్‌డీకి ఏళ్లు పడుతుంది. ఇంట్లో ఆర్థిక ఒత్తిడి ఉంటే డిప్లొమా దారిలో ముందు ఉద్యోగం చూసుకోవడం తెలివైన పనే. నేర్చుకున్న విద్య మాత్రం వృథా కాదు. రేడియేషన్ కొలతలు, మెడికల్ ఇమేజింగ్, అణు విద్యుత్ కేంద్రాల్లో అవే నైపుణ్యాలు కావాలి.

ఇప్పుడే మొదలుపెట్టండి

ఇంటర్‌లో ఉంటే సంభావ్యత, సాంఖ్యక శాస్త్రం గట్టిగా చదవండి. ఈ రంగమంతా లెక్కింపు మీదే నడుస్తుంది. డిగ్రీలో ఉంటే, రెండు డిటెక్టర్లను ఒకదానిపై ఒకటి పెట్టి, రెండింటిలో ఒకేసారి వచ్చే సంకేతాలను లెక్కించే ప్రాజెక్టు కోసం మీ లెక్చరర్‌ను అడగండి. సైన్స్ అకాడమీల వేసవి రీసెర్చ్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయండి. ఇంటర్వ్యూలో మార్కుల జాబితా కన్నా, మీరు స్వయంగా తీసిన కొలతలే మీ గురించి గట్టిగా మాట్లాడతాయి.