నోరు పూసినప్పుడు



"నోరు మంచిదైతే ఊరు మంచిది" అని పెద్దలంటారు. అది మాట తీరును గురించి చెప్పిన సామెత. ఈ నెల మనం అదే నోటిని గురించి మరో విధంగా ఆలోచిద్దాం.

మా కురబలకోట వైపు వేడివేడి సంగటి ముద్ద, దానికి తోడు చెనిక్కాయల ఊరిబిండి ఉంటే ఇంకేమీ అక్కరలేదు. కాని నోరు పూసిన రోజున అదే ముద్ద ఎదుట కూర్చొని కళ్ళ నీళ్ళు పెట్టుకోవలసి వస్తుంది. మధ్యాహ్న భోజనం వేళ ఒక అమ్మాయి కంచం ముట్టకుండా కూర్చుంటుంది. "ఏమ్మా, తినలేదే?" అని అడిగితే, దవడకు చేయి అడ్డం పెట్టుకొని, "నోరు పూసింది సార్" అంటుంది. "ఎన్నాళ్ళ నుంచి?" అంటే, "నెలకోసారి వస్తానే ఉంది సార్. వేడి చేసిందంట" అంటుంది.

ఈ చిన్న సంభాషణలో మూడు ప్రశ్నలున్నాయి. నోరు ఎందుకు పూస్తుంది? పూసినప్పుడు ఇంట్లో ఏం చేయాలి? మాటిమాటికీ ఎందుకు వస్తుంది? మూడింటిలోనూ చివరిదే ముఖ్యమైనది. ఎందుచేతనో ఈ పాఠం పూర్తయ్యేసరికి మీకే తెలుస్తుంది.

నోటి లోపలి పొర

అద్దం ముందు నిలబడి పెదవిని కిందికి లాగి చూడండి. లోపల తడిగా, నున్నగా, ఎర్రగా ఒక పొర కనిపిస్తుంది. దీన్ని శ్లేష్మపొర అంటారు. ఇది రోజంతా వేడికి, కారానికి, పంటి అంచుల రాపిడికి గురవుతూ ఉంటుంది. అయినా చిరిగిపోకుండా ఎలా ఉంటోంది? పాత కణాలు రాలిపోతూ ఉంటే, అడుగున కొత్త కణాలు వేగంగా పుడుతూ ఉంటాయి. ఒంటిమీది చర్మం పైపొర మారడానికి సుమారు నెలరోజులు పడుతుంది. బుగ్గ లోపలి పొర సుమారు రెండు వారాల్లోనే మారిపోతుంది.

ఈ మరమ్మతు పనిలో లాలాజలం కూడా పాలుపంచుకుంటుంది. మన నోట్లో రోజుకు సుమారు ఒక లీటరు లాలాజలం ఊరుతుంది. అది నోటిని తడిగా ఉంచుతుంది, ఆమ్లాలను పలుచన చేస్తుంది, సూక్ష్మజీవులను అదుపులో ఉంచుతుంది.

ఇక "వేడి చేసింది" అన్న మాట సంగతి చూద్దాం. నోరు పూసినవారికి జ్వరమానిని పెట్టి చూస్తే, జ్వరం లేనంతవరకు ఒంటి వేడి మామూలుగానే ఉంటుంది. అయితే ఎండలో తిరిగి నీళ్ళు తాగకపోతే లాలాజలం తగ్గి నోరు ఎండుతుంది. ఎండిన నోరు సులువుగా గాయపడుతుంది. పెద్దల మాటలో ఉన్న నిజం ఇంతవరకే.

పొరలో ఒకచోట కొత్త కణాలు పుట్టే వేగంకన్నా పాతవి పోయే వేగం ఎక్కువైతే అక్కడ గుంట పడుతుంది. మధ్యలో తెల్లగా లేదా పసుపుగా, చుట్టూ ఎర్రటి అంచుతో కనిపించే ఆ గుంటే నోటిపుండు. బుగ్గను పంటితో కొరుక్కోవడం, విరిగిన పంటి అంచు గీసుకోవడం, గట్టి బ్రష్షుతో తోమడం, నిద్ర చాలకపోవడం, పరీక్షల ఆందోళన, ఆహారంలో లోపం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. ఇది అంటువ్యాధి కాదు. పెదవి బయట నీటిపొక్కులు గుంపుగా లేస్తే మాత్రం అది వేరు. దానికి కారణం వైరస్. అది అంటుకుంటుంది. కాబట్టి అలాంటప్పుడు గ్లాసు, తువ్వాలు వేరుగా ఉంచుకోవాలి.

మానిపించేది ఎవరు?

చిన్న నోటిపుండు సాధారణంగా వారం నుంచి రెండు వారాల్లో దానంతట అదే మానుతుంది. ఈ ఒక్క వాక్యాన్ని గట్టిగా గుర్తుపెట్టుకోండి. దీన్ని మరిచిపోతే చాలా పొరపాట్లు జరుగుతాయి. పుండు వచ్చిన ఆరో రోజున ఒకరు ఏదో ఆకు నమిలారనుకుందాం. ఎనిమిదో రోజుకు పుండు మానింది. "ఆకు మహిమ!" అంటారు. ఆకు నమలకపోయినా అది ఎనిమిదో రోజుకు మానేదేమో! ఒక మందు నిజంగా పనిచేసిందా అని తేల్చాలంటే, అది వాడినవారిని, వాడనివారిని పక్కపక్కన ఉంచి పోల్చాలి. విజ్ఞానశాస్త్రం అడిగేది ఇదే.

అలాగైతే ఇంట్లో మనం చేసేదేమీ లేదా? ఉంది. నొప్పి తగ్గించడం, మానే పనికి అడ్డు తగలకుండా చూడడం.

ఇంట్లో చేయవలసినవి

ఒక గ్లాసు గోరువెచ్చని నీటిలో అర టీస్పూను ఉప్పు కలిపి, తిన్న తరువాత పుక్కిలించి ఉమ్మివేయాలి. రోజుకు మూడు నాలుగుసార్లు చేయవచ్చు. పుండులో ఇరుక్కున్న మెతుకులు పోయి శుభ్రపడుతుంది. ఉప్పుకు బదులు అర టీస్పూను వంటసోడా అయినా కలపవచ్చు. అది నోటిలోని ఆమ్లాన్ని తగ్గిస్తుంది.

తిండి మానకూడదు. చల్లారిన అంబలి, పెరుగన్నం, పలుచని మజ్జిగ, మెత్తగా ఉడికిన పప్పన్నం తినాలి. ఊరిబిండి, పచ్చిమిరప, చింతపండు పులుసు, నిమ్మకాయ, టమాటా ఆ నాలుగు రోజులు పక్కన పెట్టాలి. నీళ్ళు బాగా తాగాలి. తినేముందు కొంచెం వెన్న గాని నెయ్యి గాని పుండుమీద రాస్తే, అది పొరలా నిలిచి రాపిడి తగ్గిస్తుంది. అది మందు కాదు, తాత్కాలికమైన కప్పు మాత్రమే.

పళ్ళు తోమడం ఆపకూడదు. మెత్తని బ్రష్షుతో, పుండుకు తగలకుండా తోమాలి. ఇటుకపొడి, బొగ్గుపొడి గరుకుగా ఉండి పొరను గీరుతాయి. కాబట్టి వాటిని ఎప్పుడూ వాడకూడదు.

ఒక ప్రయోగం

అర టీస్పూను ఉప్పుకు బదులు నాలుగు టీస్పూన్లు వేస్తే తొందరగా మానుతుందా? చేసి చూడండి. ఒక ఉర్లగడ్డను వేలంత సన్నని ముక్కలుగా కోయండి. ఒక గ్లాసు నీటిలో అర టీస్పూను ఉప్పు, మరో గ్లాసు నీటిలో నాలుగు టీస్పూన్ల ఉప్పు కలిపి, రెండింటిలోనూ ముక్కలు వేయండి. మూడు గంటల తరువాత వంచి చూడండి. మొదటి గ్లాసులోని ముక్క అంతగా మారదు. రెండో గ్లాసులోనిది మెత్తబడి వంగుతుంది. మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే నీరు ఊరినట్లే, గాఢమైన ఉప్పునీరు కణాలలోని నీటిని బయటికి లాగేస్తుంది. దీన్నే ద్రవాభిసరణం అంటారు. మన రక్తంలోని ద్రవంలో లవణాలు సుమారు ఒక శాతం వరకు ఉంటాయి. అర టీస్పూను కొలత ఇంచుమించు దానికి సరిపోతుంది. అసలే గాయపడిన కణాలను ఎక్కువ ఉప్పుతో ఎండగట్టడం మంచిది కాదు.

ఇలాంటి కారణం చేతనే మరికొన్ని పనులు కూడదు. పుండుమీద సున్నం పెట్టకూడదు. నొప్పి మాత్రను నలిపి అద్దకూడదు. రెండూ పొరను కాల్చుతాయి. పసిపిల్లల నోరు పూస్తే వెలిగారం రాయడం కొన్ని ఇళ్ళలో అలవాటు. అది పసివారికి విషం. ఏడాది నిండని బిడ్డకు తేనె కూడా నాకించకూడదు. మీ ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఈ రెండు మాటలూ అమ్మకు తప్పక చెప్పండి.

నోటి పేరు పెట్టుకున్న జబ్బు

ఇప్పుడు మూడో ప్రశ్నకు వద్దాం. నెలనెలా పుండ్లు ఎందుకు వస్తాయి? దీనికి సమాధానం ఒక తెలుగువాడి జీవితంతో ముడిపడి ఉంది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో జన్మించాడు. ఆయన సోదరులను స్ప్రూ అనే జబ్బు బలిగొన్నది. ఆయనకూ ఆ జబ్బు సోకింది. ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చికిత్సతో బతికి బయటపడ్డాడు. స్ప్రూలో పేగు లోపలి పొర దెబ్బతిని ఆహారసారం ఒంటబట్టదు. విరేచనాలు, రక్తహీనత, వీటితోపాటు నాలుక ఎర్రబడి మండడం, నోరు పూయడం దాని లక్షణాలు. స్ప్రూ అన్న పేరు నోటిపూతను సూచించే డచ్చి మాట నుంచే వచ్చింది!

సుబ్బారావు 1922లో అమెరికా వెళ్ళాడు. 1940లో లెడర్లీ పరిశోధనశాలలో చేరాడు. ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దానికి ముందు కథ మన దేశంలోనే జరిగింది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు 1928లో బొంబాయికి వచ్చి, గర్భిణులైన మిల్లు కార్మికుల రక్తహీనతను పరిశీలించింది. ఈస్టు సారం తినిపిస్తే అది నయమవుతోందని కనిపెట్టింది. అందులోని గుణం ఫోలిక్ ఆమ్లానిదే. 1941లో పాలకూర నుంచి దాన్ని వేరుచేసిన శాస్త్రజ్ఞులు, ఆకు అని అర్థమిచ్చే లాటిన్ మాట నుంచి ఆ పేరు పెట్టారు. స్ప్రూ రోగులకు ఫోలిక్ ఆమ్లం ఇచ్చి చూడగా రక్తం మెరుగుపడింది, నాలుక మంట తగ్గింది.

రక్తానికి, నాలుకకు సంబంధమేమిటి? కణం రెండుగా చీలాలంటే ముందు తనలోని డీఎన్ఏను రెట్టింపు చేసుకోవాలి. దానికి ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కావాలి. అవి కొరవడితే, వేగంగా కణాలు పుట్టవలసిన చోట్లు ముందుగా దెబ్బతింటాయి. అవే ఎముక మజ్జ, పేగు, నోరు.

దీనికి రుజువు కూడా సుబ్బారావు బృందమే అందించింది. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉంటూ దాని పనికి అడ్డుపడే పదార్థాలను వారు తయారుచేశారు. సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు 1948లో వాటిలో ఒకదానితో పిల్లల రక్త క్యాన్సరును కొంతకాలం అణచగలిగాడు. ఆ మందు వాడిన పిల్లలలో కొందరికి నోరు పూసింది! క్యాన్సరు కణాల పెరుగుదలను ఆపిన మందే, నోటిలో పుట్టవలసిన మంచి కణాలనూ ఆపింది. సుబ్బారావు ఆ ఏడాది ఆగస్టులోనే మరణించాడు.

కళ్ళెదుట ఉన్న ఆహారం

ఫోలిక్ ఆమ్లం ఒక్కటే కాదు. బి2 విటమిన్ తక్కువైతే నోటి మూలలు చీలుతాయి, నాలుక పూస్తుంది. నీలగిరులలోని కూనూరు పరిశోధనశాలకు చెందిన అక్రాయిడ్, కృష్ణన్ 1936లోనే ఈ సంగతిని ప్రకటించారు. ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా ఉంది. ఇనుము లోపించినా నాలుక నున్నబడి మండుతుంది.

ఇవన్నీ ఎక్కడ దొరుకుతాయి? ఆకుకూరలు, చెనిక్కాయలు, ఉలవలు, అలసందలు, అనపగింజలతో చేసే పితికిపప్పు, వీటిలో ఫోలిక్ ఆమ్లం ఉంది. పాలు, మజ్జిగ, గుడ్డులో బి2, బి12 ఉన్నాయి. బి12 మొక్కలలో దొరకదు. రాగిలో సున్నం ఎక్కువే కాని, సంగటి ఒక్కటే తింటే చాలదు, పక్కన పప్పో ఆకో ఉండాలి. ఆకుకూరను ఎక్కువసేపు ఉడికించి నీరు వంచేస్తే ఫోలిక్ ఆమ్లం చాలావరకు పోతుంది. భోజనంతోపాటు నిమ్మరసం తీసుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది, టీ తాగితే తగ్గుతుంది. అయితే నిమ్మరసం నోరు మానిన తరువాతే సుమా!

బడిలో వారానికొకసారి ఇచ్చే నీలిరంగు మాత్ర మీకు తెలుసు. అందులో ఉన్నవి ఇనుము, ఫోలిక్ ఆమ్లం. కడుపులో తిప్పుతుందని కొందరు దాన్ని కిటికీలోంచి విసిరేయడం మీరూ చూసే ఉంటారు. ఖాళీ కడుపుతో కాక, అన్నం తిన్న తరువాత వేసుకుంటే ఆ బాధ తగ్గుతుంది. మలం నల్లగా వస్తే భయం లేదు. కిటికీ అవతల పడేది, ఒక తెలుగువాడు జీవితమంతా ధారపోసి మనకు అందించిన పదార్థం అని గుర్తుంచుకోండి. బడిలో ఇచ్చినదానికి మించి మీ అంతట మీరు మాత్రలు కొని మింగకూడదు.

నోరు నొప్పని తిండి మానేస్తే లోపం పెరుగుతుంది. లోపం పెరిగితే మళ్ళీ నోరు పూస్తుంది. కంచం ముట్టని ఆ అమ్మాయి చిక్కుకున్నది ఈ చక్రంలోనే. దాన్ని తెంచాలంటే ఆమె ముందు ఆ మజ్జిగన్నమైనా తినాలి.

ఎప్పుడు డాక్టరు దగ్గరకు వెళ్ళాలి?

పుండు రెండు వారాలు దాటినా మానకపోతే, మాటిమాటికీ వస్తుంటే, జ్వరం ఉంటే, నీళ్ళు కూడా మింగలేకపోతే ఆలస్యం చేయకూడదు. నొప్పి లేని పుండును, తెల్లని లేదా ఎర్రని మచ్చను అసలే నిర్లక్ష్యం చేయకూడదు. పొగాకు, వక్క, గుట్కా నమిలేవారికి అది క్యాన్సరుకు తొలి గుర్తు కావచ్చు. నోరు పూర్తిగా తెరవలేకపోవడం మరో హెచ్చరిక. మీ తాతకో మామకో అలాంటి పుండు ఉంటే, నొప్పి లేదు కదా అని ఊరుకోనివ్వకండి. వెంటబెట్టుకొని ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

మీకు మీరే చేయండి

1. ఒక నోటుపుస్తకంలో పుండు వచ్చిన తేదీ, నోటిలో ఏ చోట, మానిన తేదీ రాయండి. దాని ముందు వారం ఏమేం తిన్నారో, ఎంత నిద్రపోయారో కూడా రాయండి. మూడు నెలల తరువాత తిరిగి చూడండి.

2. మీ ఇంట్లో వారం రోజులలో ఎన్నిసార్లు ఆకుకూర, పప్పు, పాలు లేదా గుడ్డు తిన్నారో లెక్కించండి.

3. నోటిపుండుకు మీ ఊళ్ళో చెప్పే ఒక వైద్యాన్ని ఎంచుకోండి. అది నిజంగా పనిచేస్తుందో లేదో ఎలా పరీక్షిస్తారు? మీ సైన్సు ఉపాధ్యాయునితో చర్చించండి.