జామ కొమ్మ విరగకుండా వంచడం ఎలా?

మొక్కై వంగనిది మానై వంగదంటారు. జామలో ఈ మాట సగమే నిజం. నల్లమాడ చుట్టుపక్కల బోరు కింద అరెకరం, ఎకరం జామ పెట్టిన రైతుకు ఒక లావు కొమ్మ పెళ్లున విరిగితే ఆ చెట్టు మీద కాపు సగం పోయినట్టే.

జామ పూత కొత్త చిగురు మీదే వస్తుంది. నిటారు కొమ్మను వంచితే దాని పొడవునా చిగుళ్లు లేస్తాయి. ముందుగా కొసన పది పన్నెండు జతల ఆకులుంచి, మిగతా ఆకులు, పిందెలు తుంచేయండి.

తడి పెట్టిన మర్నాడు, పొద్దున్నే వంచొద్దు. నీరు నిండిన కొమ్మ బిగుసుకుని టక్కున విరుగుతుంది. ఎండెక్కాక ఒక చెయ్యి పంగ దగ్గర ఆనించి, రెండో చేత్తో మెల్లగా లాగి గూటానికి కట్టండి. బొటనవేలు లావు దాటితే ఈ రోజు కొంత, నాలుగు రోజులాగి మరికొంత. జపానులో కుండీల్లో పెంచే పైన్ చెట్ల లావు మానును వంచేవాళ్లు కూడా తడి నార చుట్టి, కొంచెం కొంచెంగానే వంచుతారు. మనకు తడి గోనె పట్టీ చాలు. తాడు కింద కూడా గోనె వేయండి, లేకుంటే బెరడు కోసుకుపోతుంది. మణికట్టు లావు కొమ్మ జోలికి పోవద్దు. దాన్ని కత్తిరించి, వచ్చే చిగుళ్లను లేతలోనే వంచుకోవడం మేలు.

బెరడు చీలిందా? అదిమి కట్టి బోర్డో పేస్టు పూయండి. లీటరు నీటికి మైలుతుత్తం 100 గ్రాములు, సున్నం 100 గ్రాములు. ఇనుప పాత్రలో మాత్రం కలపొద్దు. చిగుళ్లు బాగా సాగాక తాడు విప్పండి.