మాత్ర మొదలుపెట్టే రోజే ఆపే సంగతీ అడగండి

రివ్యూ మీటింగ్ అంటే గుండెదడ. టార్గెట్లు దగ్గరపడితే కంటిమీద కునుకుండదు. అది చూసి పక్క సీటు మిత్రుడు తన స్ట్రిప్ లోంచి ఒక మాత్ర తుంచి ఇస్తాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపడుతుంది. చిక్కు మొదలయ్యేది కూడా అక్కడే. ఆందోళనకు మందు వాడటం సిగ్గుపడాల్సిన పని కాదు. కానీ ఎందుకు వాడుతున్నాం, ఎన్నాళ్లు వాడాలి, ఎలా ఆపాలి అన్నవి డాక్టర్ని అడిగి తెలుసుకున్నాకే మొదటి మాత్ర వేసుకోవాలి.

మీది ఏ రకం మందు?

అల్ప్రజోలామ్, క్లోనజెపామ్, లోరజెపామ్, డయజెపామ్ ఒక కుటుంబం. త్వరగా పనిచేస్తాయి, అంతే త్వరగా అలవాటవుతాయి. కొన్ని వారాలు రోజూ వాడినా శరీరం వాటికి అలవాటుపడొచ్చు. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలీన్ వేరే రకం. వీటి గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా వికారం, తలనొప్పి, నిద్రలో తేడా రావచ్చు, కొందరికి మొదట్లో కంగారు పెరుగుతుంది కూడా. లైంగిక ఆసక్తి తగ్గితే మొహమాటపడకుండా డాక్టరుకు చెప్పండి. 25 ఏళ్ల లోపువారికి తొలి వారాల్లో చనిపోవాలన్న ఆలోచనలు వస్తే ఆ రోజే చెప్పాలి. దడకు ఇచ్చే ప్రొప్రనలాల్ ఆస్తమా ఉన్నవారికి ప్రమాదకరం.

డ్యూటీకి వెళ్లేముందు

రాత్రి వేసుకున్న మాత్ర తెల్లారేసరికి దిగిపోతుందనుకోకండి. ఒంట్లో అల్ప్రజోలామ్ సగానికి తగ్గడానికే దాదాపు 11 గంటలు పడుతుంది. క్లోనజెపామ్‌కైతే 30 గంటల పైమాటే. పదకొండింటికి మాత్ర వేసుకుని ఉదయం ఏడింటికి బండెక్కినవారికి మెలకువగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఎదుటి బండి ఆగినప్పుడు బ్రేక్ మీద కాలు పడటం మాత్రం ఆలస్యమవుతుంది. క్యాబ్ డ్రైవర్లు, మెషిన్ ఆపరేటర్లు, కరెంటు పనివాళ్లు, నైట్ డ్యూటీ నర్సులు తమ పని ఏమిటో డాక్టరుకు ముందే చెప్పాలి. మందు మత్తులో బండిని అదుపు చేయలేని స్థితిలో నడిపినా మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద నేరమే.

ఆఫీసులో జబ్బు పేరు బయటపెట్టాల్సిన పనిలేదు. "మందు వల్ల మగతగా ఉంటోంది, కొన్నాళ్లు రాత్రి షిఫ్టు మార్చండి" అని డాక్టర్ ఇచ్చిన సర్టిఫికెట్‌తో అడగండి.

కలపకూడనివి

మద్యం, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు అల్ప్రజోలామ్ కుటుంబం మందులతో కలిస్తే ఊపిరి మందగించి ప్రాణం మీదికి రావచ్చు. కొన్ని జలుబు మాత్రలు కూడా మగత పెంచుతాయి. గురక, నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉన్నా, గర్భిణులైనా ఆ సంగతి దాచకండి.

ఒక్కసారిగా ఆపొద్దు

తెలంగాణలో అధికారుల దాడులతో కల్తీ కల్లు దొరకనప్పుడు, దానికి అలవాటుపడినవారు వణుకుతో, పొంతనలేని మాటలతో, ఫిట్స్‌తో ఆసుపత్రులకు చేరారు. ఆ కల్లులో ఈ అల్ప్రజోలామ్ కూడా కలుపుతున్నారు. డాక్టర్ చీటీ మీద కొన్న మాత్రనైనా చాలాకాలం వాడి హఠాత్తుగా మానితే శరీరం అలాగే తిరగబడుతుంది. అందుకే డాక్టర్ చెప్పిన లెక్క ప్రకారం వారాల తరబడి, అవసరమైతే నెలల తరబడి, కొద్దికొద్దిగా తగ్గించాలి. టూర్ వెళ్తే సరిపడా మాత్రలు, చీటీ వెంట ఉంచుకోండి. యూఏఈకి పనికి వెళ్లేవారు ఈ మందులకు అక్కడి ప్రభుత్వ అనుమతి ముందే తీసుకోవాలి.

షాపులో

అల్ప్రజోలామ్ స్ట్రిప్ మీద ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక ఉంటుంది. అది షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సినది. 2014 నుంచి ఈ మందులు అమ్మితే షాపువాళ్లు ప్రత్యేక రిజిస్టర్లో రాయాలి. చీటీ లేకుండా ఇచ్చేవాడు మీకు మేలు చేస్తున్నట్టు కాదు.

డాక్టర్ అందుబాటులో లేకపోతే 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్‌లో రాత్రీపగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. ఇప్పటికే చీటీ లేకుండా వాడుతున్నవారు ఈ వారంలోనే ఆ స్ట్రిప్ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎన్నాళ్లుగా, రోజుకు ఎన్ని వేసుకుంటున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. ఎంత నిజం చెబితే అంత క్షేమంగా బయటపడతారు.