చీనాలో పౌర వ్యవహారముల శాఖ: దాని బాధ్యతల చరిత్ర

వరదలో ఇల్లు కోల్పోయిన వారిని, దిక్కులేని వృద్ధులను, అనాథ బాలలను ఆదుకొనుట ఏ ప్రభుత్వమునకైనను ప్రథమ ధర్మము. కాని ఆదుకొనుటకు ముందు వారెవరో, ఎందరో తెలియవలెను. చీనా దేశపు పౌర వ్యవహారముల మంత్రిత్వ శాఖ చరిత్ర ఈ విషయమునే మనకు బోధించుచున్నది.

చక్రవర్తుల కాలమున అచట కుటుంబముల లెక్కను, భూమి శిస్తును ఒకే శాఖ చూచెడిది. ఆ లెక్క ముఖ్యముగా పన్నుల కొరకే. 1906లో చింగ్ వంశ ప్రభుత్వము పౌర వ్యవహారములకు ప్రత్యేక శాఖను నెలకొల్పి పోలీసు, ప్రజారోగ్యము, స్థానిక స్వపరిపాలన, జనాభా లెక్కలను దానికి అప్పగించెను. 1912లో ఆ వంశపు పాలన అంతరించినది.

1949లో ఏర్పడిన నూతన ప్రభుత్వమున ఈ పనులలో పెక్కింటిని అంతరంగిక వ్యవహారముల శాఖ చేపట్టినది. కరవు, వరదల సహాయము, సైనిక కుటుంబముల పోషణ, వివాహముల నమోదు దాని విధులు. 1956లో సహకార వ్యవసాయ సంఘముల నియమావళి, పని చేయలేని నిరాధారులకు అయిదు హామీల నిచ్చినది: తిండి, బట్ట, వంటచెరకు, పిల్లలకు చదువు, వృద్ధులకు అంత్యక్రియలు.

ఇంతటి ఏర్పాటు ఉండియు, 1959 మొదలు 1961 వరకు ఘోరమైన క్షామము కలిగి కోటికి మించిన ప్రజలు మరణించిరి. దీనికి కారణములు అనేకము. అందొకటి అసత్యపు లెక్క. క్రింది అధికారులు పంటను ఎన్నో రెట్లు పెంచి చూపిరి. ఆ అంకెలను నమ్మి ప్రభుత్వము ధాన్యమును సేకరించినది. ఆకలిని దాచిన చోటికి సహాయము చేరలేదు.

1969లో ఆ శాఖ రద్దయి, దాని పనులు ఇతర శాఖలకు పంచబడినవి. 1978లో పౌర వ్యవహారముల శాఖ అను పేరుతో మరల ఏర్పడినది. గ్రామస్థుల సంఘములను గూర్చి 1987లో శాసనము వచ్చిన పిమ్మట, వాని ఎన్నికలకు మార్గదర్శకత్వము వహించినది. 2007లో గ్రామములలోని నిరుపేదలకు కనీస జీవన భృతి దేశమంతట అమలునకు వచ్చినది. 2018లో విపత్తుల సహాయము, మాజీ సైనికుల సంక్షేమము వేరు శాఖలకు మారినవి. పేదల సహాయము, అనాథల రక్షణ, వివాహముల నమోదు వంటి పనులు దీనియందే నిలిచినవి.

శాఖల పేర్లు మారవచ్చును, విధులు చేతులు మారవచ్చును. కాని ఏ దేశమందైనను సహాయమునకు మొదటి మెట్టు గ్రామములో వ్రాయు లెక్కయే. ఆ లెక్క తప్పినచో సహాయమును దారి తప్పును. కావున ఉన్నది ఉన్నట్లు వ్రాయించుట గ్రామస్థులందరి బాధ్యత.