పచ్చబొట్టు, ప్రతిమ: క్రైస్తవ దృక్పథము

అరకు లోయనుండి ఒడిశా కొండలవరకు వ్యాపించిన కోందు తెగలో, ముఖ్యముగా కంధమాల్ సీమలోని కుటియా కోందు స్త్రీల నుదుటను చెక్కిళ్లను గాఢనీలరేఖలై నిలిచిన పచ్చబొట్లు, పరలోకమున తమవారు తమను గుర్తించుటకు ఉపకరించునని పెద్దల విశ్వాసము. 1846లో విశాఖపట్నము చేరిన కథోలిక మిషనరీలును, 1882లో జయపుర సీమకు వచ్చిన జర్మను లూథరన్లును ఈ ప్రాంతములకు బైబిలును తెచ్చిరి. అందలి లేవీయకాండము 19:28 దేహముపై ముద్రలను నిషేధించుచున్నది. అయినను చచ్చినవారికొరకు దేహమును చీరుకొనుటయు ఆ వచనముననే చేరియుండుటచే, అది అన్యజాతుల శోకాచారములను ఉద్దేశించినదని పలువురు వ్యాఖ్యాతలు తలతురు. ఐగుప్తుదేశపు కోప్టిక్ క్రైస్తవులు మణికట్టుపై సిలువనే పొడిపించుకొందురు. కావున ముఖమున పచ్చబొట్లున్న కోందు అవ్వను బాప్తిస్మమునకు అనర్హురాలని యెంచుట వచనమును మించిన కాఠిన్యమని నా దృఢాభిప్రాయము.

ప్రతిమల విషయమున నిర్గమకాండము 20:4 ప్రధాన ప్రమాణము. 787 నాటి రెండవ నైసియా సభ ప్రతిమలకు గౌరవము తగునని, ఆరాధన దేవునికే చెల్లునని నిర్ణయించెను. 1563లో ట్రెంటు సభ దానినే బలపఱచెను. లూథరు ప్రతిమాభంజనమును సమ్మతింపలేదు; బాప్టిస్టు మందిరములందు మాత్రము సాధారణముగా ఒట్టి సిలువయే కానవచ్చును.